నట్టు లేని మాట

"అప్పుడు గదంతా ఒక వెలుగు నిండినట్టయింది..."

తొందర అని అందరూ పిలిచే పిల్ల ఆ మాట అనీ అనకముందే కత్తెరక్క కుడిచెయ్యి గాలిలోకి లేచింది. చూపుడువేలూ మధ్యవేలూ ఒకసారి విడిపోయి, టక్కున కలిశాయి.

"కట్."

చాప చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. తొందర నాలిక కరుచుకుంది.

"వెలుగు నిండిందా, నిండినట్టయిందా?"

"నిండినట్టే... అక్కా."

"గదిలో బల్బు వెలుగుతోందా?"

"ఆఁ, వెలుగుతోంది."

"మరింకేం, అది బల్బు చేసే పని. దాన్ని ప్రభువుకి అంటగట్టకు. ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏడ్చాను."

"అదీ మాట. ఎందుకేడ్చావో చెప్పు."

"ముందురోజు మా అత్తని నోటికొచ్చినట్టు తిట్టాను..."

"మళ్ళీ నట్టు!" అని మూల నుంచి ఎవరో అరిచారు. ఈసారి కత్తెరక్కకూ నవ్వు ఆగలేదు. "నోటికొచ్చినట్టు కాదు, నోటికి ఏమొచ్చిందో అది చెప్పు. ఏమని తిట్టావు?"

తొందర తల దించుకుంది. చాప అంచులో ఊడిన పుల్లని గోటితో లాగింది. "ముసలి దెయ్యం అన్నాను."

"అదిగో, అది సాక్ష్యం. ఆదివారం దాంతోనే మొదలెట్టు."

"ఆదివారం మా అత్త కూడా వస్తానంటోందక్కా!"

"మరీ మంచిది. క్షమాపణకి వేరే రోజు వెతుక్కోనక్కర్లేదు."

కత్తెరక్కకు ఆ పేరు రెండు దారుల్లో వచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో కిటికీ పక్క బల్ల ఆమెది. చిరిగిన పక్కదుప్పట్లు, రోగుల గౌన్లు, తలగడ గలీబులు అక్కడికొస్తే కత్తిరించి, అతుకు వేసి, అంచు కుట్టి పంపుతుంది. అది పగటి కత్తెర. రెండోది బుధవారం సాయంత్రం ఆరింటికి ఆమె ఒంటిగది ఇంట్లో చాప పరిచాక బయటికొస్తుంది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు వాక్యం చదవడం, నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చెయ్యడం, ఇంట్లో కోపం తన్నుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ఆ చాప మీదే నేర్చుకుంటారు. ఆదివారం సంఘంలో లేచి, ప్రభువు తన బతుకులో ఏం చేశాడో సాక్ష్యం చెప్పాలనుకున్న ఆడమనిషి ముందు బుధవారం ఆ కత్తెర కింద తల పెట్టాల్సిందే. ఈ నియమం ఎవరూ ఎక్కడా రాయలేదు. పన్నెండేళ్ళుగా జరిగిపోతోంది.

ఆమె చెప్పేవి మూడే ముక్కలు. నీ తప్పు ముందు చెప్పు. చూసింది చెప్పు. మాటలో నట్టు ఉంటే తీసెయ్. "మిషనుకి నట్టు ఊడితే ప్రమాదం, సాక్ష్యానికి నట్టు ఉంటే ప్రమాదం," అనేది. "తాకినట్టయింది, వినపడినట్టయింది, ఎవరో పిలిచినట్టయింది! మీకేం జరిగిందో మీకే తెలియకపోతే వినేవాళ్ళకేం తెలుస్తుందే?"

తొందరకు పేరు పెట్టింది లాండ్రీలోవాళ్ళు. దానికి తగ్గ పిల్లే. నాలుగు నెలల కిందట బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారు తల మీద చెయ్యి పెట్టకముందే తనంతట తనే నీళ్ళలో బుడుంగున మునిగి లేచి, "అయిపోయిందా?" అని అడిగింది. అయ్యగారు నవ్వు ఆపుకుని మళ్ళీ ముంచారు.

ఆ బుధవారం వెళ్ళేటప్పుడు కూడా ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి ఇంకెవరిదో వేసుకుని సగం వీధి వెళ్ళి వెనక్కొచ్చింది.

*

మర్నాడు పదకొండుంపావుకు రోలరు దగ్గర కేక వినపడింది.

రోలరంటే ఆవిరి వేడికి సలసలలాడుతూ తిరిగే పెద్ద ఇనప డోలు. ఇటువైపు ఇద్దరు తడిదుప్పటి కొనలు పట్టుకుని, సాపు చేసి అందిస్తారు. అటువైపు ఇద్దరు పొడిగా, కరకరలాడుతూ వచ్చినదాన్ని అందుకుని మడతపెడతారు. అందించేవాళ్ళ వేళ్ళకూ డోలుకూ మధ్య అడ్డంగా ఒక ఇనప పట్టీ ఉండాలి. దానికి చెయ్యి తగిలితే చాలు, మిషను ఆగిపోతుంది. చెయ్యే అక్కర్లేదు, దుప్పటికి లావుపాటి అతుకున్నా తగిలి ఆగిపోతుంది. కత్తెరక్క అతుకులు లావు. రెండు మడతలు, మూడు వరసల కుట్టు. "నీ అతుకు దుప్పటి చిరిగినా ఊడదు గానీ, నాలుగు నిమిషాలకోసారి నా మిషన్ని ఆపుతోందమ్మా," అని సూపర్‌వైజరు విసుక్కునేవాడు.

పందొమ్మిది రోజుల కిందట ఒక మధ్యాహ్నం ఆయనే స్పానరు పట్టుకుని ఆ పట్టీ విప్పేశాడు. పట్టీ సబ్బు డ్రమ్ముల వెనక్కి పోయింది. దాని నట్లు రెండూ తెచ్చి కత్తెరక్క బల్ల మీద పెట్టి, "నీ గుండీల డబ్బాలో వేసుంచు, ఎక్కడైనా దొర్లిపోతాయి," అన్నాడు. ఆమె వేసింది. ఆ రోజు నుంచి మిషను ఆగింది లేదు. మధ్యాహ్నం మూడింటికే దుప్పట్లన్నీ మడతలై వార్డులకెక్కేవి.

సంఘంలో పెద్ద కూడా ఆ సూపర్‌వైజరే. లాండ్రీలో సార్, ఆదివారం పెద్దయ్య. సంఘంలో సగంమంది ఆడవాళ్ళకు అక్కడ పని ఇప్పించింది ఆయనే. కత్తెరక్కకూ, తొందరకూ కూడా.

కేక విని కత్తెరక్క తల ఎత్తేసరికి తొందర మిషను ఆపే ఎర్రతాడు రెండు చేతులతో లాగి పట్టుకుని ఉంది. డోలు ఆగింది. కింద నేల మీద వదిన కూర్చుని, కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, ఆ చెయ్యి తనది కాదన్న చూపు చూస్తోంది. దుప్పటి మూల లోపలికి మడతపడితే వేళ్ళతో లాగి సరిచెయ్యబోయింది. రోజుకు యాభైసార్లు చేసే పనే.

పదిహేనేళ్ళుగా రోలరు దగ్గరే ఉన్న మనిషి, చిన్నాపెద్దా అందరికీ వదినే. సంఘానికి రాదు. ప్రార్థన మాటెత్తితే పెదవి విరిచి పక్కకు తిరుగుతుంది. అసలు మాటలే తక్కువ. రోజు మొత్తం మీద వదిన అన్న మాటలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలని లాండ్రీలో హాస్యమాడేవారు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. అక్కడ మాత్రం ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. చెయ్యి చల్లటి నీళ్ళ ధార కింద పట్టించాడు. ఉతికిన గుడ్డ చుట్టాడు. చక్రాల కుర్చీ కోసం చూడకుండా తనే భుజం పట్టి పైఅంతస్తుకు నడిపించాడు. చొక్కా ముందంతా తడిసిపోయింది.

అరగంటకు ఒక్కడే తిరిగొచ్చి సబ్బు డ్రమ్ముల వెనక నుంచి పట్టీ తీశాడు. నట్లు ఎవరికిచ్చాడో గుర్తుకు రాక జేబులు తడుముకున్నాడు. డ్రమ్ముల కింద వంగి చూశాడు. చివరికి స్టోరు బీరువాలోంచి కొత్త నట్ల పొట్లం చించి, పట్టీ బిగించాడు. తుప్పురంగు ఇనుము మీద కొత్త నట్లు రెండూ ముక్కుపుడకల్లా మెరిశాయి.

ఆయన వెతుకుతున్నంతసేపూ కత్తెరక్క ఎడమచెయ్యి గుండీల డబ్బా మూత మీదే ఉంది. "నా దగ్గరున్నాయి సార్" అనే మూడు ముక్కలు గొంతుదాకా వచ్చాయి. పళ్ళ మధ్య దారం ఉంది. దారం తీసి బల్ల మీద పెట్టింది. మాట మాత్రం బయటికి రాలేదు.

*

శుక్రవారం పొద్దున్నే ఆయన రెండు గ్లాసుల టీ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా," అన్నాడు.

కత్తెరక్క సూది గుడ్డలోనే ఆగిపోయింది. చెల్లెమ్మ ఆదివారం పిలుపు. లాండ్రీలో ఆయన "ఏమ్మా" అంటాడు. బట్టలు ఆలస్యమైతే అదీ అనడు. వారం మధ్యలో చెల్లెమ్మ దిగిందంటే వెనకాల ఏదో బరువుంది.

"రేపు పై ఆఫీసు నుంచి విచారణకొస్తున్నారు. రిపోర్టు రాసేశాను. పట్టీ ఉండగానే, కబుర్లలో పడి, దాని పైనుంచి చెయ్యి పెట్టిందని."

"ఎవరూ, వదినా? కబుర్లా?"

"ఏదో ఒకటి రాయాలి కదమ్మా." ఆయన టీ గ్లాసు అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. "లోపం మనదని తేలిందనుకో, లాండ్రీ మూసేసి పని బయటివాళ్ళకిచ్చేస్తారు. ఎప్పట్నుంచో సాకు కోసం చూస్తున్నారు. నలభై రెండుమంది ఆడవాళ్ళు. అందులో నువ్వూ ఉన్నావు, రిటైరవడానికి ఇంకా రెండేళ్ళే ఉంది నీకు."

"తన తప్పేనని రాస్తే వదిన ఉద్యోగం?"

"చూద్దాం. చెయ్యి నయమయ్యేదాకా మనవాళ్ళమంతా తలా కాస్త వేసుకుందాం. ముందు నేనే వేస్తాను."

వేస్తాడు కూడా. ఆ సంగతి కత్తెరక్కకు తెలుసు. అందుకే మరీ చిరాకేసింది.

"ఎదురుగా ఉన్నది ఆ పిల్ల. సాక్షి సంతకం దానిది కావాలి," అన్నాడాయన. "పర్మనెంటు కూడా కాలేదింకా, మెల్లిగా చెప్పు. నా మాట కంటే నీ మాట వింటుంది. సంతకం పెట్టనంటే పోనీ, సరిగా చూడలేదని చెప్పినా చాలు. అదేం అబద్ధం కాదు కదా! అంత కంగారులో ఎవరు సరిగా చూస్తారు చెప్పు?"

రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. "ఆ పట్టీ తీసింది మాత్రం ఎవరి అతుకుల కోసం, చెల్లెమ్మా?"

టీ మీద మీగడ కట్టింది. ఆమె ముట్టుకోలేదు.

సాయంత్రం పని దిగాక తొందర ఆమె పక్కనే నడుస్తూ, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. "కాగితం నా చేత చదివించారక్కా. వదిన కబుర్లలో పడిందట! పెట్టనన్నాను. సోమవారం నుంచి పనుంటుందో ఉండదో ఆలోచించుకో అన్నారు. మా అత్తకింకా చెప్పలేదు. నువ్వు చెప్పక్కా, నేనేం చెయ్యను?"

కత్తెరక్క మధ్యాహ్నమంతా కుట్టుకుని సిద్ధంగా పెట్టుకున్న మాటే తీసింది. "సంతకం పెట్టకు. అబద్ధం మీద సంతకం పెట్టమని నేను చచ్చినా చెప్పను."

తొందర మొహం విప్పారింది.

"అలాగని ఎదురూ తిరగకు. మొన్నమొన్న విశ్వాసంలోకొచ్చినదానివి. సంఘంలో పెద్దమనిషిని నలుగురి ముందు నిలబెట్టడం మనకి తగదు. అడిగితే, సరిగా చూడలేదని చెప్పు. మిగతాదానికి ప్రార్థన చేద్దాం."

తొందర ఆగిపోయింది. ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ ఆగడం లాండ్రీలో ఎవరూ చూసి ఉండరు. వెనకాల సంచులతో వస్తున్నాయన ఆమెను గుద్దుకోబోయి, గొణుక్కుంటూ తప్పుకున్నాడు.

"సరిగా చూడలేదనా?"

"ఊఁ."

"చూశానక్కా. మూరెడు దూరంలో ఉన్నాను. పట్టీ లేదు. పందొమ్మిది రోజుల్నుంచీ లేదు. నీకూ తెలుసు."

"తెలుసు కాబట్టే చెప్తున్నా..."

"చూసినట్టు చెప్తే కట్ అంటావు కదా. మరి చూడనట్టు చెప్పమంటున్నావే? దానికి లేదా కత్తెర?"

కత్తెరక్క చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళలో ఆ చాప మీద కూర్చుని లేచిన ఏ ఆడదీ ఆమెను ఆ గొంతుతో అడగలేదు. "నాకే పాఠాలు చెప్పేంతదానివయ్యావా? నీళ్ళలోంచి లేచి నాలుగు నెలలు కాలేదు!"

"నా పాఠం కాదక్కా, నీదే," అంది తొందర.

బస్సొచ్చింది. ఆగకముందే ఎగబడి ఎక్కే పిల్ల. ఆ రోజు దానివైపు చూడనైనా చూడలేదు. "నేను నడిచెళ్తాను," అని కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. కత్తెరక్కకు కిటికీ పక్క సీటు దొరికింది. ఎప్పుడూ దొరకదు. అయినా ఏం బాగాలేదు.

ఇంటికొచ్చి గిన్నెలు తోమడం మొదలెట్టింది. భర్త మంచం మీద నుంచి చెవి అటు వేశాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆదివారం సంఘంలో వెనక కుర్చీ చూసుకుని కూర్చుని, మొదటి పాటకే నిద్రపోతాడు.

"ఆ గిన్నె ఏం పాపం చేసింది?" అన్నాడు.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి అంతా చెప్పింది. గుండీల డబ్బా సంగతి కూడా. ఆయన విని దిండు సర్దుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు బండి నడిపాను. గుద్దినవాడు ప్రతివాడూ 'చూసుకోలేదండీ' అనేవాడే. 'చూశాను, బ్రేకు వెయ్యలేదు' అన్నవాడు ఒక్కడూ తగల్లేదు."

"నన్నంటున్నారా?"

"డ్రైవర్ల సంగతి చెప్తున్నానే," అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

*

విచారణ లాండ్రీ వెనక స్టోరుగదిలో పెట్టారు. ఆ గది తలుపు కత్తెరక్క బల్లకు నాలుగడుగుల దూరం. కొత్త దుప్పట్ల కట్టలు అడ్డం రావడంతో తలుపు సగమే మూతపడుతుంది. పై ఆఫీసు నుంచి వచ్చినావిడ కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు తెరిచి, ఒక్కొక్కళ్ళనే పిలిచింది. సూపర్‌వైజరు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

మడతలు పెట్టే ఇద్దరూ అటువైపున్నాం చూడలేదమ్మా అన్నారు. ఉతుకు మిషన్లావిడ మోతలో వినపడలేదమ్మా అంది. ఇంకో ఇద్దరు సార్ మొహం చూసి, ఏమీ తెలియదమ్మా అన్నారు. ఒక్కొక్కళ్ళూ బయటికొచ్చి కత్తెరక్క బల్ల దాటేటప్పుడు నేల చూసుకుంటూ పోయారు. ఆమె గలీబు అంచు మడిచి కుడుతోంది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ మొదలెట్టింది.

తర్వాత తొందర లోపలికెళ్ళింది.

"ఏం చూశావో చెప్పు," అంది ఆఫీసరమ్మ.

"ముందు నా తప్పు చెప్తానమ్మా."

కత్తెరక్క చేతిలో సూది ఆగింది.

"తప్పా? ఏం తప్పు?"

"మిషనుకి అడ్డుపట్టీ లేదని తెలిసి కూడా పందొమ్మిది రోజులు దుప్పట్లు అందించాను. ఎవరికైనా చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. అది నా తప్పు. ఇప్పుడు చూసింది చెప్తాను. పదకొండుంపావయింది. దుప్పటి మూల మడతపడింది. వదిన వేళ్ళతో లాగింది. చెయ్యి లోపలికి పోయింది. నేను తాడు లాగాను. పట్టీ ఆ తర్వాత బిగించారు. కబుర్లేం లేవమ్మా. పొద్దున్నుంచీ వదిన నాతో అన్నది ఒకటే మాట, 'గట్టిగా పట్టుకో' అని."

అంతే. ఎక్కడా ఒక్క నట్టు లేదు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక నిదానంగా మాట్లాడింది అప్పుడేనేమో.

"మేడం," సూపర్‌వైజరు గొంతు సర్దుకున్నాడు, "కొత్త పిల్ల. గాయపడినావిడతో స్నేహం. మీరు ఐదుగురిని అడిగారు, ఒక్కరైనా ఈ మాట అన్నారా? పట్టీ ఎదురుగానే ఉంది, మీరే చూశారు."

ఆఫీసరమ్మ పెన్ను మూత వెతుక్కుంది. "ఒక్కరి మాట పట్టుకుని నేనేం రాయలేనమ్మా. ఇంకెవరూ లేరుగా?"

గలీబు అంచు ఇంకా బెత్తెడు మిగిలి ఉంది. కత్తెరక్క ఆ బెత్తెడూ కుట్టింది. ముడి వేసింది. దారం కత్తిరించింది. కత్తెర దాని చోట పెట్టి, గుండీల డబ్బా మూత తీసి, తెల్ల గుండీల అడుగుకి వేళ్ళు పోనిచ్చింది. నట్లు రెండూ చల్లగా తగిలాయి.

లోపలికెళ్ళేసరికి సూపర్‌వైజరు సగం లేచాడు. "నిన్ను పిలవలేదమ్మా."

"పిలవలేదు సార్. వచ్చాను."

నట్లు తెరిచున్న ఫైలు మీదే పెట్టింది. కాగితానికి నల్లగా జిడ్డు అంటుకుంది. ఆఫీసరమ్మ "అయ్యయ్యో" అని ఫైలు లాక్కోబోయి ఆగింది. "ఏంటివి?"

"ఆ అడ్డుపట్టీ నట్లు. సార్ పట్టీ విప్పిన రోజు దాచమని నాకిచ్చారు. ఆ రోజు నుంచీ నా గుండీల డబ్బాలోనే ఉన్నాయి. ఇప్పుడు దానికున్నవి కొత్తవి, పొట్లం స్టోరులో ఉంటుంది. పట్టీ తీసింది నా అతుకులు లావై మిషను ఆగుతోందని. తీసినప్పుడు నేను చూశాను. వద్దనలేదు. మొన్న ఈ నట్ల కోసం సార్ వెతుకుతుంటే నా దగ్గరున్నాయని చెప్పలేదు. అదీ రాసుకోండి."

"చెల్లెమ్మా!" అన్నాడు సూపర్‌వైజరు. ఆ గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది.

కత్తెరక్క ఆయనవైపు తిరిగింది. బల్ల అంచు పట్టుకుంది. "ఇవాళ శనివారమే సార్," అంది.

ఆఫీసరమ్మ పాత నట్టు ఒకటి కాగితంతో పట్టుకుని లేచి రోలరు దగ్గరికెళ్ళింది. పట్టీ దగ్గర వంగి, పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూసింది. లాండ్రీలో మిషన్లన్నీ తిరుగుతున్నాయి గానీ చేతులన్నీ ఆగిపోయాయి.

తొందర స్టోరుగది గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

*

ఆదివారం ఆరాధన నడిపించింది పెద్దయ్యే. సమయం చాలనందువల్ల ఈ వారం సాక్ష్యాలు లేవన్నాడు. ప్రకటనల్లో చివరిది, బుధవారం స్త్రీల కూటం కొంతకాలం ఆపుతున్నాం అన్నది. "నేర్పేవాళ్ళకి ముందు లోబడే గుణం ఉండాలి," అన్నాడు. అయ్యగారు పుస్తకంలో పేజీలు తిప్పుకుంటూ తల ఎత్తలేదు.

"సాక్ష్యాలు లేవా?" తొందర అత్త గొంతు గుసగుసే అయినా గదంతా వినపడింది. "నన్నేదో అంటుందని పనిగట్టుకుని వచ్చానే!"

బయట చెప్పుల దగ్గర కత్తెరక్క పెద్దయ్య కోసం ఆగింది. "బుధవారం ఆరింటికి చాప వేస్తాను పెద్దయ్యా. ముందే చెప్తున్నా, తర్వాత దాచిందని అనుకోవద్దు."

"ప్రకటన విన్నావుగా. సంఘం పేరు మీద అక్కడ ఏ కూటమూ ఉండటానికి వీల్లేదు."

"సంఘం పేరు మీద కాదు, నా చాప మీద."

వెనక ఎవరో ఫక్కుమన్నారు. అయ్యగారికి దగ్గొచ్చింది. కత్తెరక్క వంగి చెప్పు పట్టీ సరిచేసుకుని, నిద్రమొహంతో వస్తున్న భర్తను వెంటబెట్టుకుని నడిచింది.

సోమవారం కిటికీ పక్క బల్ల ఇంకొకరికిచ్చారు. కత్తెరక్కను మురికి బట్టలు ఏరే చోట వేశారు. నెత్తురువీ, వాంతివీ విడదీసి వేరువేరు బుట్టల్లో వెయ్యాలి. ముక్కుకు గుడ్డ, మోచేతులదాకా తొడుగులు. రెండేళ్ళు ఇదే అన్నారు. "సరే," అంది. గుండీల డబ్బా మాత్రం కొత్తావిడకు అప్పగించకుండా సంచిలో వేసుకుంది. అది తన సొంతం.

ప్రమాదం మిషను లోపమని ఆఫీసరమ్మ రాసుకెళ్ళిందట. వదిన పని పోదట. విచారణ ముగిసేదాకా తొందరను తీసెయ్యడానికి లేదట. లాండ్రీ మూస్తారో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని కొందరు కత్తెరక్కతో మాట్లాడటం మానేశారు. పట్టీ దాని చోటే ఉంది. పాత అతుకుల దుప్పటి వచ్చినప్పుడల్లా రోలరు టక్కున ఆగేది. "కత్తెరక్క అతుకు!" అని ఎవరో అరిచేవారు. అది తిట్టో దీవెనో అరిచినవాళ్ళకే తెలియాలి.

బుధవారం ఆరింటికి చాప వేసింది. మామూలుగా పదకొండుమంది వచ్చేవారు. ఆరుంపావుకు ముగ్గురొచ్చారు. ఆ తర్వాత తొందర వచ్చింది, రెండు కాళ్ళకూ తన చెప్పులే వేసుకుని. ఆమె వెనకాల, కుడిచేతికి మోచేతిదాకా తెల్లటి కట్టుతో, వదిన వచ్చి గడప మీద కూర్చుంది.

"నేను ప్రార్థనకి రాలేదు. ఊరికే కూర్చోడానికొచ్చాను," అంది.

"కూర్చో వదినా," అంది కత్తెరక్క. ఐదు మాటలు, ఇవాళ్టికి చెయ్యి నిండిపోయింది అనుకుంది.

గోడకు ఆనుకుని కూర్చునే చోటు ఆమెది. అక్కడికి వెళ్ళలేదు. సాక్ష్యం చెప్పబోయేవాళ్ళు కూర్చునే చాప మధ్యకొచ్చి కూర్చుంది. తొందర తికమకపడి, ఖాళీగా ఉన్న గోడవారకు జరిగింది.

"ఇవాళ నాది," అంది కత్తెరక్క. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సబ్బు వాసన ఇంకా వదల్లేదు. "శుక్రవారం సాయంత్రం ఒక పిల్ల నా దగ్గరికొచ్చింది. ఏం చెయ్యమంటావక్కా అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలుసు. కానీ ఆ టైములో నాకేదో అడ్డం వచ్చినట్టయి..."

గోడవార నుంచి ఒక చెయ్యి లేచింది. రెండు వేళ్ళు విడిపోయాయి. కలవడానికి కాస్త తటపటాయించాయి.

"కట్, అక్కా," అంది తొందర.

ఎవరూ నవ్వలేదు. కత్తెరక్క ఆ రెండు వేళ్ళనూ చూసింది. దుప్పటి కొనలు పట్టుకుని పట్టుకుని చివర్లు కాయలు కాచాయి.

"భయం వేసింది," అంది. "ఉద్యోగం పోతుందని. సంఘంలో పేరు పోతుందని. ఈ చాప పోతుందని. అందుకని ఆ పిల్లకి అబద్ధం నేర్పాను. ఎవరో నేర్పమంటే కాదు. నేనే నేర్పాను."

గడప మీద వదిన కట్టుచెయ్యి ఎత్తి జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుంది. అంతవరకూ వీధివైపు మొహం పెట్టిన మనిషి చాపవైపు తిరిగి కూర్చుంది.

"గట్టిగా చెప్పు," అంది. "తర్వాత?"